తండ్రి వయసు సున్నా

పెళ్లిచూపుల నాడు మా ఆయన నన్ను అడిగింది ఒకే ఒక ప్రశ్న. "బడిల నీకు ఏ సబ్జెక్టంటే ఇష్టం?" అని. వెనక నిలబడ్డ మా మేనత్త నా వీపు మీద వేలితో పొడిచింది. ఏది అడిగినా తడుముకోకుండా గట్టిగా చెప్పాలని ముందు రోజే నేర్పి పెట్టింది. నోటికి వచ్చింది చెప్పేశాను. "లెక్కలు."

ఆ మనిషి కళ్లల్లో అప్పుడు కనిపించిన గౌరవం నాకు ఇంకా గుర్తుంది. దాన్ని పద్దెనిమిదేళ్లు జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాను.

నిజమేమిటంటే పదో తరగతిలో నేను లెక్కల్లో తప్పాను. సిరిసిల్లలో మా ఇంటి నిండా సాంచాలు, అంటే కరెంటుతో నడిచే మగ్గాలు. ఆ చప్పుడులో చదువు తలకెక్కడం లేదని మా అవ్వతో, అంటే మా అమ్మతో, చెప్పేదాన్ని. సాంచాలు ఆగిన రోజు కూడా ఎక్కలేదన్న సంగతి నాకొక్కదానికే తెలుసు. సప్లిమెంటరీలో ముప్పై ఆరు మార్కులతో గట్టెక్కాను. ముప్పై అయిదు వస్తే పాసు. మిగిలిన ఆ ఒక్క మార్కు ఎక్కడి నుంచి వచ్చిందో నా పేపరు దిద్దిన సారుకే తెలియాలి.

పెళ్లయ్యాక బెల్లంపల్లి దగ్గర కంపెనీ క్వార్టర్‌కు వచ్చాను. మా ఆయన బాయిలో పనిచేసేవాడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. భూమి లోపల కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడం ఆయన పని. వంగి నడిచీ నడిచీ మోకాళ్లు అరిగిపోయాయి. ఇక కిందికి దిగొద్దని, పైన ఏదైనా పని చూసుకొమ్మని డాక్టర్ చెప్పాడు. పైన పని కావాలంటే పదో తరగతి పాసై ఉండాలన్నారు. మా ఆయన తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన మనిషి.

ఒకరోజు మొదటి షిఫ్ట్ దిగి వచ్చి, స్నానం చేసి, సంచిలోంచి ఓపెన్ స్కూల్ పుస్తకాలు తీసి నా ముందు పెట్టాడు.

"మిగతయి ఎట్లనో గట్ల చదువుకుంట. లెక్కలు మాత్రం నువ్వు జెప్పాలె."

"పిల్లను అడుగు" అన్నాను. మా అమ్మాయి కరీంనగర్‌లో పాలిటెక్నిక్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది.

"బిడ్డను అడుగుడు మంచిగుండదే. ఇంట్ల లెక్కల మనిషివి నువ్వుండంగ ఇంకొకలు ఎందుకు?"

అప్పుడే చెప్పేసి ఉంటే పోయేది. చెప్పలేదు. కళ్లజోడు తుడుచుకొని, పుస్తకం తిరగేసి, "చూద్దాం" అన్నాను. ఆ 'చూద్దాం' అన్న తీరుకు నాకే భయమేసింది.

మర్నాటి నుంచి నా బతుకు మారిపోయింది. ఆయన పొద్దున్నే బాయికి వెళ్లగానే వంట పొయ్యి మీద పెట్టి లెక్కల పుస్తకం ముందేసుకునేదాన్ని. ఫోన్‌లో ఒక సారు వీడియోలు చూసేదాన్ని. సాయంత్రం చెప్పాల్సిన నాలుగు లెక్కలు పొద్దున నలభై సార్లు చేసేదాన్ని. పప్పు మాడినా పట్టించుకునేదాన్ని కాదు. నాలుగింటికి ఆయన వచ్చేసరికి చీర సర్దుకొని, ఏమీ ఎరగనట్టు కూర్చునేదాన్ని.

మొదటి రోజు లెక్క 3x + 7 = 22.

ఆయన నోట్సు మీద ఒక నిమిషం చూసి అడిగాడు. "గీ ఎక్స్ ఎవలు?"

"ఎవలో తెల్వదు. మనం దొరకబట్టాలె."

"తెల్వనోనికి పేరెందుకు పెట్టిండ్రు?"

"పేరు లేకపోతే ఎట్ల పిలుస్తం?"

ఆయనకు అది న్యాయంగానే తోచింది. పెన్ను పట్టుకున్నాడు, మళ్లీ కింద పెట్టాడు. "అయిదు" అన్నాడు.

జవాబు అయిదే. నేను పొద్దున అరగంట పట్టి చేసిన లెక్క అది.

"ఎట్ల జెప్పినవ్?"

"సూస్తే తెలుస్తలేదా? మూడయిదులు పదిహేను, పదిహేను ఏడు ఇరవై రెండు."

"గట్ల కాదు. మెట్టు మెట్టు రాయాలె. ఏడు అటు పోతే గుర్తు మారుతది. మూడు ఎక్స్ సమానం ఇరవై రెండు తీసేసిన ఏడు. మూడు ఎక్స్ సమానం పదిహేను. అప్పుడు మూడుతోని భాగిస్తే అయిదు."

"జవాబు తెలిసినంక గివన్నీ ఎందుకు?"

"మెట్లు రాస్తేనే మార్కులు. జవాబుకు ఒక్కటే మార్కు."

"బాయిల గూడ గిట్లనే" అన్నాడు ఆయన. "బొగ్గు తీసినమా లేదా అని ఎవడు అడుగడు. పుస్తకంల రాసినవా లేదా అంటరు." అని పెన్ను మళ్లీ పట్టుకొని రాయడం మొదలుపెట్టాడు. సమాన గుర్తును ఇంటి గడపంత పొడుగ్గా గీసేవాడు. ఒక పేజీలో రెండు లెక్కలకన్నా ఎక్కువ పట్టేవి కావు.

మూడు వారాలు బాగానే సాగింది. పక్క క్వార్టర్ అక్క గోడ మీంచి చూసి "మేడమ్ గారు క్లాసు జెప్తున్నరు" అని నవ్వేది. నాకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది. పొద్దున నేర్చుకున్నది సాయంత్రం చెబితే అది నిజంగానే నాకు వచ్చినట్టు అనిపించేది.

ఒక సాయంత్రం, నేను సిద్ధం చేసుకున్న నాలుగు లెక్కలూ అయిపోయాక, ఆయన తనంతట తాను పుస్తకం చివరి పేజీల్లోంచి ఒక లెక్క తీశాడు.

"గిది జెప్పు."

తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు. పదేళ్ల తర్వాత తండ్రి వయసు కొడుకు వయసుకు రెండు రెట్లు అవుతుంది. ఇప్పుడు వాళ్ల వయసులెంత?

ఆ లెక్క నేను ఎప్పుడూ చూడలేదు. అయినా తగ్గలేదు. కొడుకు వయసు x అని రాశాను, తండ్రిది 3x. పదేళ్ల తర్వాత కొడుకు x + 10, తండ్రి 3x + 10. తండ్రి రెండు రెట్లు కాబట్టి 3x + 10 = 2(x + 10). ఇంతవరకు సాఫీగానే వచ్చింది. తర్వాత బ్రాకెట్ విప్పాను. 3x + 10 = 2x + 10 అని రాశాను. 2x ఇటు తెచ్చాను, 10 అటు పంపాను, గుర్తులు మార్చాను. x = 0 వచ్చింది.

"కొడుకు వయసెంత?" అని అడిగాడు ఆయన.

"సున్నా."

"అంటే ఇప్పుడే పుట్టిండన్నట్టు. సరే. తండ్రికి?"

మూడు సున్నాలు ఎంతో ఎవరికైనా తెలుసు. నేను కిందికి చూస్తూ చెప్పాను. "తండ్రికి గూడ సున్ననే."

ఆయన పుస్తకం వెనక పేజీ తిప్పి చూశాడు. తర్వాత చాలా మర్యాదగా అడిగాడు.

"తండ్రి, కొడుకు ఒక్కటే నాడు పుట్టిండ్రా? ఒక్కటే దవాఖానలనా?"

"పుస్తకం తప్పు" అన్నాను.

"పుస్తకం ఎన్కకు కొడుకు పది, తండ్రి ముప్పై అని అచ్చేసిండ్రు. పదికి మూడు రెట్లు ముప్పై. పదేండ్లకు ఇరవై, నలభై. సరిగ్గనే ఉన్నది." నేను రాసిన కాగితాన్ని దగ్గరికి తీసుకున్నాడు. నల్లటి గీతలు ఇంకిపోయిన వేలిని ఒక్కో మెట్టు మీదుగా దించుకుంటూ వచ్చి బ్రాకెట్ దగ్గర ఆపాడు. "ఇగో, గీడ. రెండు బయటున్నది. లోపట ఇద్దరున్నరు. ఎక్స్‌కు ఇచ్చినవ్. పది ఏం పాపం చేసింది? దానికి గూడ ఇయ్యాలె గదా?"

2x + 20 రావాలి. చూడగానే తెలిసింది. పదో తరగతిలో నేను ఎక్కడ తప్పానో కూడా ఆ క్షణమే నాకు తెలిసింది అనుకుంటాను. ఆ బ్రాకెట్లలోనే.

"నీకు లెక్కలు వస్తయా, రావా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

చెప్పేశాను. తప్పానని, సప్లిమెంటరీ అని, ముప్పై ఆరు అని. మేనత్త వేలి గురించి కూడా చెప్పాను. రోజూ పొద్దున నేను నేర్చుకొని సాయంత్రం ఆయనకు అప్పజెబుతున్న సంగతి కూడా దాచలేదు.

ఆయన నవ్వాడు. ఎంత నవ్వాడంటే, దగ్గు వచ్చి, నీళ్లు తాగి, మళ్లీ నవ్వాడు. "పద్దెనిమిదేండ్లు లెక్కల మనిషి ఇంట్లున్నదని ఫికర్ లేకుంట బతికిన గదనే" అన్నాడు. నేను కూడా నవ్వాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

మర్నాడు సాయంత్రం నల్లా దగ్గర బిందె పెట్టగానే పక్క క్వార్టర్ అక్క అడిగింది.

"ఏం మేడమ్, తండ్రి పుట్టిండా?"

ఆమె వెనక ఇంకో ఇద్దరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన బాయిలో తిండి తినే దగ్గర చెప్పాడు. అక్క వాళ్లాయన విన్నాడు. షిఫ్ట్ దిగేసరికి మా లైనులో ముప్పై క్వార్టర్లకూ తెలిసింది.

ఆ సాయంత్రం నేను పుస్తకం ముట్టుకోలేదు. ఆయన వచ్చి కూర్చున్నాడు, నోట్సు తీశాడు, నా వైపు చూశాడు. నేను టీవీ పెట్టాను. రెండో రోజు కాకరకాయ వండాను. మూడో రోజు కూడా కాకరకాయే. ఆయనకు కాకరకాయ పడదు. ఒక్క మాట అనకుండా తిన్నాడు.

"నవ్వులాటకు చెప్పిన" అన్నాడు మూడో రోజు.

"నవ్విండ్రు గదా. అయిపోయింది."

నాలుగో రోజు ఆయన బాయికి వెళ్లాక పక్క బట్టలు మడతపెడుతుంటే దిండు కింద నోట్సు దొరికింది. తనంతట తానే చేసుకుంటున్నాడు. ఒక సంఖ్యకు రెట్టింపు తీసుకొని తొమ్మిది కలిపితే ముప్పై అయిదు, ఆ సంఖ్య ఎంత అన్న లెక్క. 2x + 9 = 35 అని పొడుగు సమాన గుర్తుతో రాశాడు. దాని కింద మెట్లు లేవు. మాటలున్నాయి. 'పదమూడు. ఎందుకంటే పదమూడు రెండ్లు ఇరవై ఆరు, ఇరవై ఆరు తొమ్మిది ముప్పై అయిదు. నమ్మకపోతే కలిపి సూసుకోండ్రి.'

నవ్వొద్దనుకుంటూనే నవ్వాను. పేపరు దిద్దే సారును బతిమాలుతున్నాడు. అమ్మాయి వదిలేసి వెళ్లిన ఎర్ర పెన్ను వెతికి కింద రాశాను. 'జవాబు ఒప్పు. మెట్లు లేవు. సగం మార్కులే.' దాని కింద మెట్లు రాసి చూపించాను. 2x = 35 − 9. 2x = 26. x = 13. నోట్సు మళ్లీ దిండు కింద పెట్టేశాను.

మర్నాడు చూస్తే అందులో ఇంకో మూడు లెక్కలున్నాయి, మెట్లతో సహా. చివర చిన్న అక్షరాలతో 'కాకరకాయ బంద్ చేయగలరని మనవి' అని రాసి ఉంది. ఆ రోజు బెండకాయ వండాను. సాయంత్రం పుస్తకం ముందేసుకొని కూర్చున్నాం, ఈసారి ఎదురెదురుగా కాదు, పక్కపక్కన. ఇద్దరికీ రాదని తెలిశాక కూర్చోవడం హాయిగా ఉంది. ఒకే లెక్కను చెరొక కాగితం మీద చేసేవాళ్లం. జవాబులు కలిస్తే తర్వాతి లెక్క, కలవకపోతే కొట్లాట.

పెద్ద కొట్లాట ఒక ఆదివారం జరిగింది. 5x − 4 = 3x + 10. నాకు 7 వచ్చింది. ఆయనకు ఒకటీ ముప్పావు వచ్చింది. 3x ను ఇవతలికి తెచ్చేటప్పుడు గుర్తు మార్చలేదు. అయిదూ మూడూ ఎనిమిది చేసి కూర్చున్నాడు.

"ఇటు అచ్చేటప్పుడు గుర్తు మారాలె" అన్నాను.

"అదే ఎందుకు మారాలె అంట. నేను గీ క్వార్టర్ల నుంచి ఆ క్వార్టర్లకు పోతే వేరే మనిషినైతనా?"

"పుట్టింటి నుంచి అత్తగారింటికి అస్తే ఆడదాని ఇంటిపేరు మారలేదా?"

ఆయన పెన్ను కింద పెట్టాడు. నెగ్గానని అనుకున్నాను. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర నవ్వు వినబడింది. మా అమ్మాయి. రెండు రోజులు సెలవని చెప్పకుండా వచ్చి, చెప్పులు కూడా విడవకుండా మా మాటలు వింటోంది.

"అవ్వా, ఇంటిపేరు మారుడు కాదే అది" అంటూ వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది. "గుర్తు మారుతలేదు. ఎవలు అటు పోతలేరు, ఇటు అస్తలేరు. రెండు దిక్కులా సమానం ఉన్నది గదా బాపూ. ఇటు మూడు ఎక్స్‌లు తీసెయ్యి. అటు గూడ మూడు ఎక్స్‌లు తీసెయ్యి. అటు మూడు ఎక్స్‌లు పాయె. ఇటు అయిదుల మూడు పాయె, రెండు మిగిలినయ్. గంతే. సూసెటోళ్లకు మూడు ఎక్స్‌లు ఇటు అచ్చి మైనస్ అయినట్టు కనవడతది."

తర్వాత రెండు దిక్కులా నాలుగు కలిపించింది. 2x = 14. ఏడు.

మా ఆయన "అట్ల జెప్పు మరి" అని వెంటనే రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను మాత్రం రాయలేదు. నేను బడికి వెళ్లిన రోజుల్లో అందరం గొంతెత్తి అప్పజెప్పేవాళ్లం, అటు పోతే గుర్తు మారును, అటు పోతే గుర్తు మారును అని. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగొచ్చని కూడా తెలియదు. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన ఈ మనిషి అడిగాడు, నేను ఇంటిపేరు చెప్పి నోరు మూయించాను. అది తలుచుకుంటే కొంచెం సిగ్గేసింది, కొంచెం ఏడుపూ వచ్చింది. లేచి అమ్మాయికి అన్నం పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయాను.

"అవ్వకు కోపమచ్చిందా?" అని అమ్మాయి అడగడం వినబడింది.

"కోపం కాదు బిడ్డా. నీ అవ్వ పాత లెక్కలు దిద్దుకుంటున్నది" అన్నాడు ఆయన.

పరీక్ష మంచిర్యాలలో ఒక బడిలో పెట్టారు. నేనూ వెంట వెళ్లాను. గేటు బయట తల్లిదండ్రులు పిల్లల కోసం నిలబడ్డారు. నేను మొగుడి కోసం నిలబడ్డాను. ఒకావిడ "మీ పిల్లగాడు లోపలున్నడా?" అని అడిగితే ఉన్నాడన్నాను. పెద్ద అబద్ధమేమీ కాదు. కిటికీలోంచి చూస్తే, ఆయన మోకాళ్లు బెంచీ కింద పట్టక, ఒక కాలు దారిలోకి చాచి, తల వంచి రాస్తున్నాడు. సమాన గుర్తు దగ్గర చేయి కదిలిన దూరాన్ని బట్టి నాకు బయటి నుంచే తెలిసిపోయింది, లెక్క ముందుకు నడుస్తోందని.

బయటికి వచ్చాక అడిగాను. "ఎట్ల రాసినవ్?"

"ఒక బ్రాకెట్ లెక్క వచ్చింది. లోపలున్న ఇద్దరికీ ఇచ్చిన" అన్నాడు.

ఫలితాలు వచ్చిన రోజు అమ్మాయి కరీంనగర్ నుంచి ఫోన్ చేసింది. లెక్కల్లో యాభై ఎనిమిది. మా ఆయన ఫోన్ లాక్కొని "ఎంత? మళ్ల జెప్పు" అని మూడు సార్లు చెప్పించుకున్నాడు. స్పీకర్ పెట్టి నాకోసారి, గోడ అవతల అక్కకోసారి వినిపించాడు.

"బాపూ, ఇంకో మాట" అంది అమ్మాయి. "తెలుగుల ముప్పై ఒకటే వచ్చినయ్. తప్పినవ్."

మా ఆయన గబుక్కున స్పీకర్ ఆపాడు. అప్పటికే గోడ అవతల అక్క నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది.

"పుట్టినకాడి నుంచి మాట్లాడేది తెలుగే గదా. దాంట్ల ఎట్ల తప్పిన?" అని మా ఆయన నిజంగానే పరేషాన్ అయ్యాడు. పరీక్షలో ఏం రాశావని అడిగితే గుర్తు తెచ్చుకొని చెప్పాడు. డిపో మేనేజర్‌కు ఉత్తరం రాయమన్నారట. 'సారుకు దండం. మా కాలనీకి పొద్దుగాల బస్సు వస్తలేదు. పిల్లలు బడికి నడిచి పోతుండ్రు. జర పంపుండ్రి' అని రాశాడట.

నాకు ఆ ఉత్తరంలో తప్పేమీ కనిపించలేదు. బస్సు రావడం లేదని తెలుస్తోంది, పంపమని అడిగినట్టూ తెలుస్తోంది. అది చదివి ఏ డిపో మేనేజరైనా బస్సు పంపేవాడే. దానికే మార్కులు పోయాయో, ఇంకెక్కడైనా పోయాయో మాకు తెలియలేదు.

"మనం మాట్లాడినట్టు రాస్తే తప్పా?" అన్నాడు.

"తప్పు గాదు. మార్కులు రావు."

మళ్లీ మొదలుపెట్టాం. పదో తరగతిలో నాకు తెలుగులో మంచి మార్కులే వచ్చాయి. ఈసారి ఆయన ముందే నా మెమో తెప్పించి చూసి మరీ కూర్చున్నాడు. 'వస్తలేదు' అన్న చోట 'రావడం లేదు' అని వంద సార్లు రాయించాను. రాస్తూ రాస్తూ పెన్ను పక్కన పెట్టి "గిట్ల మాట్లాడితే బాయిల నన్ను ఎవడు గుర్తువట్టడు" అని గొణిగేవాడు. తర్వాతి పరీక్షలో పాసయ్యాడు. కొన్ని నెలలు తిరిగాక పైన లాంప్ రూంలో పని దొరికింది. బాయిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించే గది అది. కుర్చీ ఉంటుంది. మోకాళ్ల నొప్పి పోలేదు గానీ, పెరగడమైతే ఆగింది. మొదటి వారం ఇంటికి తెల్ల బట్టల్లో తెల్లగానే వచ్చేసరికి ఏమీ తోచక, సబ్బు అరగడం లేదని రెండు సార్లు స్నానం చేశాడు.

ఆయన పరీక్ష అయిపోయినా నేను పుస్తకం మూయలేదు. ఎవరికీ చెప్పాల్సిన పని లేదు, ఎవరి దగ్గరా దాచాల్సిందీ లేదు. బ్రాకెట్లు అయిపోయాయి. ఇప్పుడు వర్గ సమీకరణాల దగ్గరున్నాను. పోయిన వారం x² − 5x + 6 = 0 చేశాను. రెండూ వచ్చింది, మూడూ వచ్చింది. తప్పు చేశాననుకొని నాలుగు సార్లు కొట్టేసి మళ్లీ చేశాను. అమ్మాయికి ఫోన్ చేస్తే రెండూ సరైనవే అంది.

మంచం మీద కూర్చొని మోకాలికి నూనె రాసుకుంటున్న మా ఆయనకు చెప్పాను.

"ఒక్క లెక్కకు రెండు జవాబులట. రెండూ ఒప్పేనట."

"గది మనింట్ల రోజు అయ్యేదే గదా" అని రెండో కాలు చాచాడు.